తిన్నగా పోని పాత కారు: తప్పు స్టీరింగ్ బాక్సుదేనా?

పాత కారులో దూరప్రయాణాలు చేసేవాళ్లు తరచూ చెప్పుకునే బాధ ఒకటుంది. ఊళ్లో బండి బాగానే నడుస్తుంది. హైవే ఎక్కి అరవై దాటగానే కుదురు తప్పుతుంది. రోడ్డు తిన్నగానే ఉంటుంది, బండి మాత్రం ఉండదు. కాసేపు కుడికి, కాసేపు ఎడమకి జారుతుంటే చేతులు సర్దుతూనే ఉండాలి. పక్కనుంచి లారీ దూసుకుపోతే గుండె ఝల్లుమంటుంది. ఒంగోలులో బయల్దేరి నెల్లూరు చేరేసరికి భుజాలు పట్టేస్తాయి.

దీనికి కారణమేమిటని అడిగితే ఒక్కో షెడ్డులో ఒక్కో మాట చెబుతారు. స్టీరింగ్ బాక్సు లూజైందని, బిగిస్తే సరిపోతుందని కొందరంటారు. వీల్ అలైన్‌మెంట్ చేయించమని ఇంకొందరు పంపిస్తారు. టైర్లు మార్చేయమనేవాళ్లూ ఉన్నారు. ‘‘పాత బండి కదండీ, అంతే ఉంటుంది’’ అని చేతులు దులుపుకునేవాళ్లూ తక్కువేం కాదు. ఈ చివరి మాట పూర్తిగా తప్పు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 కొత్తగా ఉన్న రోజుల్లో స్టీరింగ్ మీద రెండు వేళ్లు ఆనిస్తే తిన్నగా పోయేవి. ఆ గుణం బండికి మళ్లీ తేవచ్చు. మిగతా మూడు మాటల్లో కొంత కొంత నిజం ఉంది, కానీ వాటిని ఏ వరుసలో పట్టించుకోవాలన్నదే అసలు సమస్య. నేల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. స్టీరింగ్ బాక్సు మీద చెయ్యి వేయాల్సింది అన్నిటికన్నా చివర. మన దగ్గర ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు.

ముందు బండికున్న రోగమేదో పోల్చుకోవాలి. వదిలేస్తే ఎప్పుడూ ఒకే పక్కకి పోయే బండిది ‘లాగడం’. ఒక నిర్దిష్టమైన వేగంలో మాత్రమే స్టీరింగ్ వణికితే అది చాలావరకు వీల్ బ్యాలెన్సింగ్ లోపం, లేదా వంకరపోయిన రిమ్ము. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నడిమికి రాకపోతే ఎక్కడో ఏదో బిగుసుకుపోయిందని అర్థం. మనం మాట్లాడుకుంటున్నది ఒక పక్క అంటూ లేకుండా, అరవై దాటాక ఏ వేగమైనా, అటూ ఇటూ పోతూనే ఉండే రోగం గురించి. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వాననీరు జారిపోవడానికి తారు రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు సుమారు 2 శాతం వాలుగా వేస్తారు. ఎడమ పక్కన నడిపే మన దేశంలో ఏ బండైనా కాస్త ఎడమకి జారుతుంది. దాన్ని జబ్బుగా లెక్కపెట్టి మందు వేస్తే లేని తంటా తెచ్చుకున్నట్టే.

బండిని తిన్నగా నడిపించే శక్తి ఎక్కడినుంచి వస్తుంది? ముందు చక్రం ఏ ఇరుసు చుట్టూ అటూ ఇటూ తిరుగుతుందో ఆ ఇరుసు నిట్టనిలువుగా ఉండదు, పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలే కాస్టర్. ఆ గీతను కిందికి పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందు నేలను తాకుతుంది. అంటే టైరు ఎప్పుడూ తన ఇరుసు వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. ఆసుపత్రి స్ట్రెచర్‌ను తోస్తుంటే దాని చిన్న చక్రాలు తమంతట తాము తోసే దిక్కుకు సర్దుకోవడం అందరూ చూసిందే. కారు తిన్నగా పోవడానికి ఆధారం ఆ గుణమే. దానికి తోడు, టైరు రబ్బరు పక్కకు సాగి, మళ్లీ తన ఆకారానికి రావడంలో కూడా చక్రాన్ని నడిమికి తెచ్చే బలం పుడుతుంది. 1920లలో మెత్తటి బెలూన్ టైర్లు, ముందు బ్రేకులు వచ్చినప్పుడు అమెరికాలోనూ యూరప్‌లోనూ ముందు చక్రాలు విపరీతంగా ఊగిపోయాయి. ఆ బెడద వల్లే ఇంజనీర్లు టైరు ప్రవర్తనను మొదటిసారి శ్రద్ధగా చదివారు. రోల్స్‌రాయిస్ నుంచి కాడిలాక్‌కు వెళ్లిన మారిస్ ఆలీ 1930లలో చేసిన పని ఆ అధ్యయనాల్లో ముఖ్యమైనది. కాబట్టి ఈ విషయంలో తేలాల్సిన రహస్యాలేమీ మిగల్లేదు. తెలిసినదాన్ని షెడ్డుదాకా తేవడమే మిగిలింది.

టైర్లతో మొదలుపెడదాం. ఖర్చు లేకుండా అయ్యే పరీక్షలన్నీ ఇక్కడే ఉన్నాయి. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు నాలుగు చక్రాల్లో గాలి చూడాలి. ముందు టైర్ల గాలిని అందరూ చూస్తారు. తోక ఊగినట్టు అనిపించే బండిలో తప్పు చాలాసార్లు వెనక టైర్లలో ఉంటుంది. వెనక గాలి తగ్గితే బండి వెనక భాగమే పక్కకి జరిగి, ఆ తప్పు స్టీరింగ్‌లో ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. తర్వాత అరచేతిని టైరు మీద అడ్డంగా, లోపల్నుంచి బయటికి, బయటినుంచి లోపలికి రాయండి. ఒక దిక్కులో నున్నగా, ఇంకో దిక్కులో రంపపు పళ్లలా గీరుకుంటే టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, తప్పిందని టైరే సాక్ష్యం చెబుతున్నట్టు. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు కూడా చదవాలి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని. వారాంతాల్లో మాత్రమే బయటికి తీసే పాత కార్లలో అచ్చు అరగకుండానే రబ్బరు గట్టిపడి చచ్చిపోతుంది. లోతు బాగుందని మోసపోకూడదు.

రేడియల్, క్రాస్ ప్లై టైర్ల తగాదా మనవాళ్లలో ఇంకా నడుస్తూనే ఉంది. అంబాసిడర్ 5.90-15, పద్మిని 5.20-14 క్రాస్ ప్లై టైర్లతో పుట్టినవి. ఆ టైరు రోడ్డు మీది గాడి ఎటు ఉంటే అటు పాకుతుంది, అది దాని స్వభావం. రేడియల్ వేస్తే ఆ పాకడం బాగా తగ్గుతుంది. అసలు రూపం కాపాడాలన్న పట్టుదల ఉన్నవాళ్లను నేను గౌరవిస్తాను. కానీ హైవే మీద నడిపే బండికి రేడియలే మేలని నా తీర్పు. అయితే రెండు షరతులు. మొదటిది, ఒకే ఇరుసు మీద రెండు రకాలు కలపకూడదు. ముందు రేడియల్, వెనక క్రాస్ ప్లై అసలే వేయకూడదు. మలుపులో బండి తోక తన్నుకుపోతుంది. రెండోది, పాత మాన్యువల్‌లోని టో లెక్క క్రాస్ ప్లై కోసం రాసింది. రేడియల్‌కు అంత లోపలి ఒంపు అక్కర్లేదు, ఆ అంకెల్లో తక్కువ వైపుకు పెట్టించుకోవాలి. అందం కోసం వెడల్పు అలాయ్ చక్రాలు, స్పేసర్లు వేసిన బండైతే ముందు వాటిని విప్పి, అసలు చక్రాలతో ఒకసారి నడిపి చూడండి. చక్రం బయటికి జరిగినకొద్దీ రోడ్డు మీది ప్రతి గుంతా స్టీరింగ్‌ను గుంజుతుంది. ఇవన్నీ అయ్యాక ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చండి. బండి తీరు మారితే దోషి టైరే. కింద ఒక్క బోల్టు కూడా విప్పాల్సిన పని లేదు.

టైర్లు నిర్దోషులని తేలితే కిందికి దూరాలి. జాకీ ఎత్తి చక్రాన్ని ఊపి చూడటం మనకు అలవాటైన పరీక్ష. పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక వస్తే బేరింగో బాల్ జాయింటో, కింగ్ పిన్ ఉన్న బండైతే అదో అయి ఉంటుంది. ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. కదలిక ఆగిపోతే అది బేరింగ్. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదిలేది ఎక్కువగా టై రాడ్ ఎండ్. కానీ జాకీ ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. అంబాసిడర్ మాదిరి కింది ఆర్మ్ బరువు మోసే బండిలో జాకీ ఆ ఆర్మ్ కిందే పెట్టాలి. బాడీ కింద పెడితే స్ప్రింగు బలం జాయింట్‌ను అదిమిపట్టి, అరిగినదాన్ని కూడా బాగున్నట్టు చూపిస్తుంది. మారుతి మాదిరి స్ట్రట్ ఉన్న బండిని మాత్రం బాడీ దగ్గరే ఎత్తి చక్రాన్ని వేలాడనివ్వాలి.

నన్నడిగితే ఒకే ఒక్క పరీక్షకు సమయముంటే జాకీ అవసరం లేనిదే చేస్తాను. బండిని గుంత మీదో ర్యాంపు మీదో నిలిపి, బరువంతా చక్రాల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను బెత్తెడు మేర అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. రెండో మనిషి కింద ఒక్కో జాయింట్ మీద వేలు ఆనించి చూడాలి. రెండు ముక్కలు కలిసి కదులుతున్నాయా, ఒకటి కదిలాక రెండోది కదులుతోందా? కంటికి అందని టక్కు వేలికి అందుతుంది. స్టీరింగ్ కాలమ్ కింది రబ్బరు కప్లింగ్, కొన్ని బండ్లలో బాక్సుకు బదులుండే పళ్ల కడ్డీ అయిన ర్యాక్‌ను బాడీకి పట్టి ఉంచే బుష్‌లు, బాక్సు బిగించిన బోల్టులు, అవతలి పక్క ఐడ్లర్ ఆర్మ్ ఒక్కొక్కటీ వరసగా బయటపడతాయి. పద్మినిలో ఐడ్లర్‌నూ, జీపుల్లో షాకిల్ బుష్‌లనూ మరిచిపోవడం చాలా చోట్ల చూశాను. స్టీరింగ్ బాక్సుకు పడిన నిందలో సగం నిజానికి ఐడ్లర్‌కు పడాల్సింది.

జాయింట్ లూజవడం ఒక రకం తప్పైతే బిగుసుకుపోవడం ఇంకో రకం. దీన్ని తక్కువమంది గుర్తిస్తారు. గ్రీజు ఎరగని కింగ్ పిన్, తుప్పు పట్టిన బాల్ జాయింట్, ఎండిపోయిన స్ట్రట్ పై బేరింగ్ చక్రాన్ని వదిలిన చోటే పట్టేస్తాయి. కాస్టర్ దాన్ని నడిమికి లాగాలని చూస్తుంది, ఘర్షణ ఒప్పుకోదు. అప్పుడు ప్రతి సర్దుబాటు కాస్త ఎక్కువైపోయి, మళ్లీ ఇటు సర్దాల్సి వస్తుంది. నడిపేవాడికి అది లూజు స్టీరింగ్‌లాగే అనిపిస్తుంది. టై రాడ్లు విప్పి, చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే బిగువు ఎక్కడుందో తెలిసిపోతుంది. కింగ్ పిన్ బండికి గ్రీజు కొట్టేటప్పుడు ముందు భాగాన్ని ఎత్తి కొట్టించండి. బరువు మీద ఉండగా కొడితే ఒత్తిడి పడే వైపుకు గ్రీజు చేరదు.

బుష్‌ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఎండల్లో ముందుగా చచ్చేది రబ్బరే. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. ఇప్పుడు మన దగ్గరున్న ఏ 800లోనైనా, బుష్‌లు మార్చకపోతే, అవి పదేళ్లు దాటిన రబ్బరే. ఆ కారులో కింది ఆర్మ్ అడ్డంగా ఉండే ఒక్క కడ్డీ. చక్రం ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకునేది స్టెబిలైజర్ బారే. చాలామంది దాన్ని మలుపుల్లో బండి ఒరగకుండా చూసే కడ్డీ అనే అనుకుంటారు. దాని బుష్‌లు అరిగితే బ్రేకు వేసినప్పుడల్లా చక్రం వెనక్కి జరిగి, వదలగానే ముందుకొస్తుంది. అంటే కాస్టర్ క్షణానికో రకంగా మారుతుంటుంది. కొన్ని వందల రూపాయల రబ్బరు ముక్కలు మార్చకుండా, ర్యాక్ మొత్తం మార్పించిన బండ్లున్నాయి. కొత్త బుష్ వేశాక జరిగే తప్పు కూడా చెప్పుకోవాలి. బండి గాల్లో వేలాడుతుండగానే బోల్టు పూర్తిగా బిగించేస్తారు. బండి దిగగానే రబ్బరు మెలిపడి, త్వరలోనే చిరుగుతుంది. బండిని నేల మీదికి దించి, తన బరువు మీద నిలబడ్డాకే చివరి బిగింపు వేయాలి. మెకానిక్‌కు ఈ ఒక్క మాట గుర్తుచేస్తే బుష్ ఆయుష్షు పెరుగుతుంది.

ఇక బండి ఎత్తు. అంబాసిడర్ విషయంలో అందరూ వదిలేసే కారణం ఇదేనని నా నమ్మకం. ముందున్న టార్షన్ బార్లు ఏళ్ల తరబడి బరువు మోసి కుంగుతాయి. వెనక కమాన్ పట్టీలకు, ట్యాక్సీ రోజుల్లో బరువు కోసం, ఒక పట్టీ అదనంగా వేయించి ఉంటారు. ముందు దిగి, వెనక లేచిన బండిలో చక్రపు ఇరుసు కూడా ముందుకు వాలుతుంది, కాస్టర్ తగ్గుతుంది. ఈ కారు ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2464 మిల్లీమీటర్లు. వెనక భాగం ముందుకంటే 43 మిల్లీమీటర్లు లేస్తే ఒక డిగ్రీ కాస్టర్ పోయినట్టే. మొత్తం కాస్టరే కొద్ది డిగ్రీలుండే బండికి అది చిన్న నష్టం కాదు. ఏ అలైన్‌మెంట్ మెషీన్‌కు వెళ్లేముందైనా చదును నేల మీద ప్రతి చక్రం నడిమినుంచి మడ్‌గార్డ్ అంచు వరకు టేపుతో కొలిచి రాసుకోండి. ఎడమకీ కుడికీ తేడా ఉంటే, ముందూ వెనకా పొంతన లేకపోతే, ముందు ఆ ఎత్తు సరిచేయాలి. కమాన్ల మీద ముందు ఇరుసు నిలబడే జీపులకు పరిష్కారం ఇంకా సులువు, ఇరుసుకూ కమాన్‌కూ మధ్య సన్నటి ఏటవాలు పలకలు వేసి కాస్టర్ సరిచేయవచ్చు. గ్యాస్ కిట్ ఉన్న మారుతిలో డిక్కీలో ఎప్పుడూ సిలిండర్ కూర్చుని ఉంటుంది కాబట్టి ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది. అలాంటి బండికి వెనక స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు గట్టిగా ఉండటం తప్పనిసరి.

వెనక ఇరుసు కూడా బండిని తిప్పగలదన్నది చాలామందికి కొత్తగా అనిపించే మాట. కమాన్ నడిమి బోల్టు విరిగినా, యూ బోల్టులు వదులైనా, 800లో ట్రైలింగ్ ఆర్మ్ బుష్‌లు పోయినా ఇరుసు కాస్త ఏటవాలుగా జరుగుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే ఒక పక్కకి, వదిలితే ఇంకో పక్కకి బండి తూలితే వెతకాల్సింది వెనకే. రెండు పక్కలా ముందు చక్రం నడిమినుంచి వెనక చక్రం నడిమికి కొలిచి పోల్చండి.

ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. స్టీరింగ్ బాక్సు మూతమీద ఒక స్క్రూ, లాక్ నట్టు ఉంటాయి. స్క్రూ తిప్పితే ప్లే, అంటే చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే మేర, తగ్గుతుంది. నిమిషంలో అయ్యే పని, ఫలితం చేతికి వెంటనే తెలుస్తుంది, అందుకే అందరి చెయ్యి దానిమీదికే పోతుంది. కానీ మన నడకంతా తిన్నగానే కాబట్టి బాక్సు లోపలి పళ్లు ఎక్కువగా అరిగేది నడిమిలోనే. నడిమి ప్లే పోయేదాకా బిగిస్తే పక్కల్లో పళ్లు పట్టేస్తాయి. మలుపు తిప్పిన స్టీరింగ్ తిరిగి రాదు, నడిమి దగ్గర ఘర్షణ పెరుగుతుంది, బండి ముందుకంటే ఎక్కువగా తిరుగాడుతుంది. ర్యాక్ ఉన్న అంబాసిడర్, మారుతిలలో ర్యాక్ కింది సర్దుబాటు నట్టుకూ ఇదే వర్తిస్తుంది. బాక్సు బిగించవచ్చు, కానీ జాయింట్లన్నీ సరైనవని తేలాక, చక్రాలు తిన్నగా ఉంచి, లింకేజీ విప్పి, రెండు కొసలదాకా చేత్తో తిప్పుతూ, ఎక్కడా పట్టెయ్యకుండా. అప్పటికీ ప్లే మిగిలితే లోపలి సెట్టు మార్చుకోవడమే దారి.

బాక్సును పాడుచేసే ఇంకో అలవాటు కూడా ఉంది. అలైన్‌మెంట్ అయ్యాక స్టీరింగ్ చక్రం వంకరగా నిలిస్తే, రెండు టై రాడ్లనూ సమంగా సర్దాలి. దానికి బదులు స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి తిన్నగా పెట్టేస్తారు. ఇలా చేస్తే కంటికి బాగుంటుంది. బాక్సు మాత్రం తన నడిమి చోటును వదిలి, ప్లే ఎక్కువుండే పక్క చోట పనిచేయాల్సి వస్తుంది. పళ్లు దగ్గరగా కలిసేలా తయారుచేసింది నడిమిలోనే. మంచి బాక్సు కూడా ఆ రోజునుంచి లూజుగా అనిపిస్తుంది. పాత బండి కొన్నవాళ్లు స్టీరింగ్ చక్రాన్ని ఒక కొసనుంచి ఇంకో కొసకు తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగంలో రోడ్డు చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

అలైన్‌మెంట్ అవసరమే, కానీ అన్ని మరమ్మతులూ అయ్యాక. లూజు జాయింట్లున్న బండికి చేయించిన అలైన్‌మెంట్ షెడ్డు గేటు దాటేసరికి మారిపోతుంది. ముందు చక్రాలు బయటికి విచ్చుకుని ఉంటే బండి ప్రతి గతుకుకూ కొత్త దిక్కు వెతుక్కుంటుంది, అతి స్వల్పంగా లోపలికి ఉంటే కుదుటపడుతుంది. మారుతి 800లో సర్దగలిగేది టో ఒక్కటే. మెషీన్ ఇచ్చే షీటులో కాస్టర్, క్యాంబర్ (చక్రం నిలువునుంచి లోపలికో బయటికో ఒరిగే కొలత) తేడా చూపితే ఏదో వంగింది, లేదా ఏదో బుష్ పోయింది అని అర్థం. ‘‘అది సర్దేది కాదు సార్’’ అని పక్కన పెట్టేస్తే కారణం దొరకదు. పని ముందరి షీటు, తర్వాతి షీటు రెండూ అడిగి తీసుకోండి.

జీపులకు తగిలించే స్టీరింగ్ డ్యాంపర్ గురించి ఒక్క మాట. వణుకును కప్పిపుచ్చుతుంది, కారణాన్ని తీయదు. పాలీయూరిథేన్ బుష్‌లు ఎక్కువకాలం మన్నుతాయి కానీ గతుకులన్నీ కుర్చీదాకా తెస్తాయి. రోజువారీ బండికి మంచి రబ్బరే చాలు.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోవాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వది స్టీరింగ్ చక్రం మీద ప్లే 30 డిగ్రీలు మించకూడదంటుంది. 40 సెంటీమీటర్ల స్టీరింగ్ మీద 30 డిగ్రీలంటే అంచు దగ్గర 10 సెంటీమీటర్లకు పైనే. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గడానికి అది సరిపోవచ్చు, వంద కిలోమీటర్ల వేగానికి సరిపోదు. చిన్న కార్ల మాన్యువల్స్ అడిగేది 30 మిల్లీమీటర్ల లోపు. మీ బండిని ఆ కొలతతోనే కొలవండి. అదే నియమం జాయింట్లకు రబ్బరు టోపీలు ఉండాలనీ, బోల్టులు, పిన్నులు ఊడకుండా లాక్ చేసి ఉండాలనీ కూడా చెబుతుంది. టోపీ చిరిగిన టై రాడ్ ఎండ్‌లోకి వానాకాలంలో దుమ్మూ నీళ్లూ చేరితే దాని పని అయిపోయినట్టే.

అంబాసిడర్ 2014 మేలో ఆగిపోయింది, పద్మిని అంతకంటే ముందే. విడి భాగాలు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది, దాంతో అరిగిన బాల్ జాయింట్‌కు వెల్డింగ్ పెట్టడం, వంగిన స్టీరింగ్ ఆర్మ్‌ను కాల్చి తిన్నగా కొట్టడం పెరుగుతున్నాయి. ఇలాంటి ఇనుము ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు, విరిగిన క్షణంలో స్టీరింగ్ చేతిలో ఉన్నా చక్రం మన మాట వినదు. భాగం దొరికేదాకా బండిని షెడ్డులోనే ఉంచండి. వెల్డింగ్ చేసిన స్టీరింగ్‌తో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని రోడ్డు మీదికి రాకండి.